మిరపచుక్కల సింకు

చచ్చిపోయినవాళ్ళను చూసి కుళ్ళుకోకూడదంటారు. కావచ్చు. కానీ నేను మా తోడికోడల్ని చూసి కుళ్ళుకోవడం ఆమె కాపురానికొచ్చిన ఏడాదే మొదలుపెట్టాను. ఆమె పోయింది కదా అని మధ్యలో ఆపడం నా వల్ల కాలేదు.

పోయిన నెల ఆమె పెద్దకర్మ జరిగింది. భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి పెరట్లో డ్రమ్ముల నిండా నీళ్ళు పెట్టించాను. మగవాళ్ళు అక్కడే కడుక్కున్నారు. ఆడవాళ్ళు మాత్రం ఎంగిలి చేతులతోనే వరసగా ఆమె వంటింట్లోకి నడిచారు. అక్కడ కడపబండ గట్టులో ఒక పింగాణీ సింకు ఉంది. పాలలాంటి తెలుపు, ఆ తెలుపులో అక్కడక్కడ ఎర్రటి తునకలు, ఒకటీ అరా పసుప్పచ్చ గింజలు. చేత్తో తడిమితే అవి తగలవు. పైన అద్దంలా నునుపు, చుక్కలు లోపలెక్కడో ఉంటాయి. ఒక్కొక్కరూ చేతులు కడుక్కోవడం, ఆ సింకు అంచు నిమరడం, కొంగుతో కళ్ళొత్తుకోవడం. నేను విస్తళ్ళు ఎత్తిస్తూ గుమ్మంలోంచి చూస్తున్నాను. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. రేపు నేను పోతే నా వంటింట్లోకి ఇలా ఎవరొస్తారు, వచ్చి దేన్ని నిమురుతారు అనుకున్నాను.

మా మామగారు ఇద్దరు కొడుకులకీ ఒకే కప్పు కింద రెండు వాటాలు కట్టించారు. తేడా వస్తే కోడళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటారని ఆయన భయం. అందుకని తలుపులు, కిటికీలు, గట్టు బండలు, సింకులు అన్నీ ఒకే కొట్లో జతలుగా కొన్నారు. మధ్యలో ఒక్క గోడ. ఆమె గిన్నె దించితే నాకు వినిపించేది. నేను తుమ్మితే అవతలి నుంచి “చిరంజీవ” అనేది. పాపం పెద్దాయన వస్తువుల్లో తేడా రాకుండా చూసుకున్నాడు గానీ మనుషులు ఆయన కొన్నవాళ్ళు కాదు గదా.

ఆమెది సింగరాయకొండ దగ్గర పల్లె. నాకన్నా పొట్టి, నాకన్నా ఒక ఛాయ తక్కువ. అందగత్తేం కాదని ముందే చెప్తున్నాను. అందగత్తె అయితే నాకింత బాధ ఉండేది కాదు, దేవుడిచ్చాడనుకుని ఊరుకునేదాన్ని. ఆమెకున్నది చెయ్యి. ఏది పట్టుకుంటే అది తిరిగి బాగయ్యేది. ఇంకా చిరాకేమిటంటే, చేస్తున్నంతసేపూ ఆడుకుంటున్నట్టు ఉండేది.

చూపుడువేలి గోరు కొంచెం పెంచుకునేది. ఏ వస్తువు కనపడినా దాంతో టక్కుమని కొట్టి, తల ఒక పక్కకి వంచి వినేది. కుండ, తలుపు, సొరకాయ, ఒక్కోసారి మా మరిది తల కూడా. విని, “దీనికింకా ఆయుష్షుంది” అనేది. ఆమె ఆయుష్షుందన్న దాన్ని ఇక ఎవరూ పారెయ్యకూడదు. కాడ ఊడిన మూకుడికి ఆయుష్షుంది. ఊగిపోయే పీటకి ఆయుష్షుంది. వంటింటి కిటికీ రెక్కలో అద్దం పగిలిపోతే రెక్కకి ఆయుష్షుందని దోమల జాలీ కొట్టించింది. అవన్నీ ఆమె ఇంట్లో మళ్ళీ తిరుగుతూ ఉంటే, కొత్తవి కొనుక్కున్న నాకు ఎందుకో చేతకాని దానిలా అనిపించేది.

ఇంకో గుణం ఉంది. పేరు తన దగ్గర ఉంచుకునేది కాదు. పప్పు బాగుందంటే, “కందులు మంచియ్యండీ, మా చేలోయే” అనేది. చీర బాగుందంటే, “మా అక్క ఎంచింది” అనేది. అక్కంటే నేను. వినేవాళ్ళు నన్ను మెచ్చుకుంటారా? ఆహా, ఎంత మంచి పిల్ల, తోడికోడలికి పేరిస్తోంది అని ఆమెనే మెచ్చుకుంటారు. పేరు ఇచ్చేసి అంతకన్నా పెద్ద పేరు తెచ్చుకునే విద్య అది. నాకది ఎంత ప్రయత్నించినా రాలేదు. ఒకసారి నేనూ, “గోంగూర మా చెల్లి వలిచింది” అని చూశాను. అత్తయ్య వెంటనే, “అదీ, నేననుకున్నా చిన్నదాని చెయ్యి పడిందని” అన్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా అత్తయ్యకి పొరుగు కూడా అక్కర్లేదు, గోడకి అవతల ఉంటే చాలు.

సింకుల సంగతికొస్తాను. మా ఊరి బోరు నీళ్ళకి ఇత్తడే రంగు మారుతుంది, పింగాణీ ఎంత. దానికి తోడు ఏటా పండుమిరపకాయలు కడగడం, పచ్చడి రోళ్ళు, కారం జాడీలు అందులోనే తోమడం. కొన్నేళ్ళకి రెండు సింకుల మీదా మెరుపు పోయి గరుకు తేలింది. ఆ గరుకులో మరకలు దిగాయి. ఎంత రుద్దినా ఎవరో తాంబూలం ఉమ్మినట్టే ఉండేది. చుట్టాలొస్తే ఇద్దరం సింకులో గిన్నెలు బోర్లించి మూసేసేవాళ్ళం. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం సమానం. నాకది ఎంత తృప్తిగా ఉండేదో చెప్పలేను.

ఆ సమానం ఎక్కువ కాలం నిలవలేదు. మా మరిది మిరప టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్తుంటే ఈమె కూడా లారీ ఎక్కింది. మిగతావాళ్ళు గుంటూరు వెళ్తే చీర తెచ్చుకుంటారు. ఈమె రెండు డబ్బాలు, గరుకు కాగితాలు, ఒక బ్రష్షు తెచ్చుకుంది. ఎపాక్సీ అంటారట. ఒక డబ్బాలో మందు, రెండో డబ్బాలో దాన్ని గట్టిపరిచే నూనె లాంటిది. ఫోనులో ఎవరో పాత సింకుకి పూస్తుంటే చూసిందట.

“నీకెందుకే ఈ పెంట? మేస్త్రీని పిలిచి కొత్తది పెట్టించుకో” అన్నాను.

సింకుని గోటితో కొట్టి, తల వంచి వింది. “దీనికింకా ఆయుష్షుందక్కా. పై తోలే పోయింది. తోలు కప్పితే చాలు.”

కొంగు దోపుకుని రోజుల తరబడి గీకింది. సోడాపొడితో జిడ్డు వదిలించింది. గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దుతూ ఉంటే గోడ ఇవతల నా పళ్ళు జిల్లుమనేవి. పెచ్చులూడిన చోట లప్పం లాంటిదేదో నింపి, తుడిచి, ఆరబెట్టి, బల్లఫ్యాను పెట్టి మళ్ళీ ఆరబెట్టింది. తడి ఒక్క చుక్కున్నా మందు పట్టదట. అంత జాగ్రత్త పడిన మనిషి అసలు సంగతి మరిచిపోయింది. సరిగ్గా మందు పూసే రోజే మా మిరపకాయల రోజు.

ఏడాదికి సరిపడా కారం ఇద్దరం కలిపే పట్టించుకుంటాం. ఎండుమిరపకాయలు తొడిమలు తీసి, డాబా మీద ఇంకో ఎండ చూపించి, గింజ రాలేదాకా చేటలో చెరిగి మిల్లుకి పంపాలి. మిల్లులో వంతు ఆమే మాట్లాడింది. మర్నాడు పొద్దున్నే మాది. నేను చేట పట్టుకుని పెరట్లో కూర్చునేసరికి ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

“అక్కా, ఇయ్యాల మిరపకాయలని మర్చేపోయా! మందు కలిపేశా. కలిపినాక ఇంక ఆగదు.”

“అయితే నన్నాపమంటావా?”

“నువ్వెట్టా ఆపుతావు, ఎండ పోయిద్ది. కానీయ్. నేను కిటికీ మూసుకుంటా.”

మూసుకుంది. దోమల జాలీ కొట్టిన రెక్క. దోమలు ఆగుతాయి గానీ గుంటూరు మిరప ఆగుతుందా? నేను చెరుగుతున్నాను, గాలి మంచి ఊపులో ఉంది, పొట్టు తునకలు ఎర్రగా లేస్తున్నాయి. లోపలి నుంచి ఆమె తుమ్మింది. చిరంజీవ అన్నాను. మళ్ళీ తుమ్మింది. మళ్ళీ అన్నాను. ఆ తర్వాత తుమ్ము తుమ్ముకీ నవ్వింది. నేను వట్టి ఘాటనుకున్నాను.

మధ్యాహ్నం పిలిచింది. “అక్కా, ఒకసారి రా.”

వెళ్ళి చూద్దును గదా, మీగడలాంటి పూత నిండా మిరప తునకలు. గింజలు కూడా ఒకటో రెండో ఎగిరొచ్చి పడ్డాయి. నా గుండెలో ఒక చల్లటి గాలి వీచింది, అబద్ధమెందుకు. ఇన్నేళ్ళకి ఒక్కసారి ఆమె చేసిన పని చెడింది. పైకి మాత్రం, “అయ్యయ్యో, అంతా గీకెయ్యాలే ఇప్పుడు” అన్నాను.

“గీకితే మొత్తం లేచొస్తది.” తల ఒక పక్కకి వంచి చాలాసేపు చూసింది. తడిగా ఉంది కాబట్టి గోటితో కొట్టలేదు. “బాగానే ఉంది గదక్కా? నువ్వు ముగ్గు పెట్టినట్టే ఉంది.”

మర్నాడు దాని మీద రంగు లేని పూత ఇంకొకటి పోసింది. చుక్కలు అలాగే లోపల ఉండిపోయాయి.

పూత పూర్తిగా గట్టిపడేదాకా సింకులో నీళ్ళు పడకూడదు. అందుకని ఆమె వంటా, అంట్లూ అన్నీ నా వంటింట్లోకి మారాయి. ఒక వారం అనుకుంటా. అత్తయ్యా వెనకే వచ్చేశారు, పీటతో సహా. నా వంటింట్లో నేనుండగా అందరూ ఉప్పెక్కడుందని ఆమెని అడిగేవాళ్ళు. ఆమెకి తెలిసేది కూడా. నా డబ్బాలన్నీ గోటితో కొట్టి ఏది నిండుగా ఉందో, ఏది ఖాళీయో చెప్పేసేది. నాకు మండుకొచ్చేది. కానీ ఇద్దరం ఒకే సింకు దగ్గర, ఆమె తోముతుంటే నేను కడుగుతూ, ఆమె ఏదో చెప్పబోయి చెప్పకముందే నవ్వేస్తూ, ఆ నవ్వుకి నాకూ నవ్వొస్తూ... ఆ వారం నా ఇంట్లో సందడిగా ఉంది. ఆమె తన వంటింటికి వెళ్ళిపోయిన పూట నాకు అన్నం సయించలేదు. అదీ ఆమె మీద కోపమే అనుకున్నాను.

ఇక చూడండి పొగడ్తలు. అత్తయ్య మొదలుపెట్టారు. “ఏమేవ్, చుక్కల చీర కట్టినట్టుందే సింకు!” పక్క వీధి నుంచి వచ్చారు. దర్శి నుంచి మా ఆయన పెద్దమ్మ కూతురు ప్రత్యేకం సింకు చూడ్డానికే బస్సెక్కి వచ్చింది. ఏ కంపెనీది, ఎక్కడ చేయించావు, ఈ డిజైను పేరేంటి. ఆమె ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పేది: “పూత నాది. చుక్కలు మాత్రం మా అక్క చల్లినయ్యి.” వాళ్ళు నా వైపు చూసి ఒక నవ్వు నవ్వి, మళ్ళీ ఆమె వైపు తిరిగి, “నీ చేతిలో ఏదో ఉందమ్మా” అనేవాళ్ళు. చెరిగింది నేను, ఎగిరింది నా చేటలోంచి. సొమ్మొకడిది సోకొకడిది. ఆమె తప్పు చేస్తే డిజైను అవుతుంది. నేను పొద్దున్నించీ ఎండలో కూర్చుని ఒప్పు చేస్తే నవ్వవుతుంది. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు ఆ నెలలో బాగా తెలిసింది.

ఆ తర్వాత ఆమె ఊళ్ళు పట్టుకుని తిరిగింది. అడిగినవాళ్ళందరికీ చేసిపెట్టింది. చుక్కలు లేకపోతే ఒప్పుకునేవాళ్ళు కాదట, చిన్న పొట్లంలో మిరప తునకలు కట్టుకుపోయేది. అప్పుడే ఒక పూత బొట్టు ఆమె మట్టిగాజు మీద పడి గట్టిపడిపోయింది. మిగతా గాజులన్నీ మార్చినా ఆ తెల్లచుక్క గాజు మాత్రం చేతికి అలాగే ఉండేది.

గంజి సంగతి కూడా చెప్పాలి. కాగే గంజి పడితే పూత బుడగలెత్తుతుందని ఆమెకి భయం. అత్తయ్యకేమో కుక్కరన్నం పడదు, వార్చిన అన్నమే కావాలి. గిన్నె మూత చప్పుడైతే చాలు, ఈమె ఇంట్లో ఎక్కడున్నా “గంజి! గంజి!” అని కేకలేస్తూ పరిగెత్తుకొచ్చేది. బేసిన్లోకి వార్పించి, చల్లార్చి, పెరట్లో కరివేపాకు మొక్కకి పోసేది. ఆ కేకకి నేను గోడ ఇవతల ఉలిక్కిపడి చేతిలో గరిటె జారవిడిచేదాన్ని.

ఒకరోజు నా వంటింట్లోకి వచ్చి నా సింకుని గోటితో కొట్టింది. అదే జత సింకు, అదే గరుకు, అవే మరకలు.

“దీనికీ ఆయుష్షుందక్కా.”

నేను పొయ్యి మీది కూరలో గరిటె తిప్పుతున్నాను.

“చేసేద్దామా? అడుగు, రేపే మొదలుపెడతా.”

“నేనడగాలా?”

“అడగందే అమ్మైనా పెట్టదు గదక్కా” అని నవ్వింది.

అంతా అక్కడే ఉంది. ఆమె చెప్పాపెట్టకుండా వచ్చి పూసేసి ఉంటే నేను నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. నా నోటితో అడిగించుకోవాలని చూసింది. పెద్దకోడల్ని, ఆమెని చెయ్యి పట్టుకుని గడప దాటించినదాన్ని, నేనడగాలా? ఇప్పటికీ చెప్తున్నాను, అడగమనడం ఆమె తప్పే. “నాకక్కర్లేదమ్మాయ్, స్టీలుది పెట్టిస్తున్నా” అన్నాను. అప్పటిదాకా నాకా ఆలోచన కూడా లేదు.

అన్నాక పెట్టించక తప్పుతుందా? మేస్త్రీ వచ్చి పాతదాన్ని సుత్తితో పగలగొడుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి చెవులు మూసుకుంది. తర్వాత ఆ పెంకులన్నీ ఏరి తట్టలో పట్టుకుపోయి కరివేపాకు మొదట్లో పరిచింది. స్టీలు సింకు తళతళలాడుతూ వచ్చింది. గ్లాసు జారితే వీధి చివర దాకా వినపడేది. అత్తయ్య వచ్చి చూసి, “స్టీలు గిన్నెలు తోమడానికి ఇంకో స్టీలు గిన్నె పెట్టావా?” అన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. దాన్ని చూడ్డానికి ఎవరూ బస్సెక్కి రాలేదు. అడుగు, అడుగు అని ఆమె కూడా మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అప్పుడప్పుడు వచ్చి స్టీలు మీద గోటితో కొట్టి, ఆ మోతకి మొహం చిట్లించి వెళ్ళేది.

ఆ తర్వాత అత్తయ్య పోయారు. తర్వాత, ఎవరూ అనుకోని విధంగా, ఈమె. ఒక పొద్దున కరివేపాకుకి నీళ్ళు పోస్తూ అక్కడే కూలబడింది. గుండె అన్నారు. ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు. ప్రతి దానికీ ఆయుష్షు చెప్పిన మనిషి.

పెద్దకర్మ రోజుకే మళ్ళీ వస్తాను. చేతులు కడుక్కుని ఆడవాళ్ళంతా వసారాలో చేరారు. ఎవరికి వాళ్ళు ఆమె తమకెంత దగ్గరో చెప్పుకోవడం మొదలైంది. పొన్నూరు నుంచి వచ్చిన మా ఆడపడుచు, “మా సింకు చేసినప్పుడు చిన్నవదిన నాలుగు పూటలు నా దగ్గరే ఉంది. మాది వరి దేశం గదాని మిరపతో పాటు వడ్లగింజలు కూడా అద్దింది” అంది. ఆ తెల్లచుక్క గాజు ఇప్పుడు ఆడపడుచు చేతికి ఉంది. పసుపుకుంకాలతో పోయిన మనిషి గాజని తనే ముందు తీసేసుకుంది. నేను ఆమె ఆఖరి స్నానానికి నీళ్ళు తోడుతూ ఉండిపోయాను, చూసుకోలేదు. దర్శి ఆవిడ తమ ఇంటి సంగతి చెప్పింది. కారం మిల్లు సాయిబుగారి భార్య కళ్ళు తుడుచుకుంటూ, “మా మిల్లు కాడ చేతులు కడుక్కునే తొట్టి కూడా ఆ తల్లి చేసిందేనమ్మా. మా కాడ చుక్కలు చల్లే పనేముంది, గాలే చల్లింది” అంది. అందరూ ఏడుస్తూనే నవ్వారు.

ఆమె వడ్లగింజలు అద్దిందని నాకు తెలీదు. మిల్లు తొట్టి సంగతీ తెలీదు. గోడకి ఇవతలున్న నాకు తెలియనివి వీళ్ళకెలా తెలుసని కూర్చున్నచోటే ఉడికిపోయాను.

మిల్లావిడే నా వైపు తిరిగింది. “పెద్దమ్మగారూ, మీది చూపించండమ్మా. అక్క సింకంటే అందరికన్నా బాగా చేసుంటది గదా.”

అందరూ నా వైపే చూస్తున్నారు. “మాది స్టీలు” అన్నాను.

మా ఆడపడుచు చేతికున్న గాజు తిప్పుకుంది. ఇంతమంది ఇళ్ళల్లో ఆమె చెయ్యి పడింది. ఆమె చెయ్యి పడని ఇల్లు నాదొక్కటే. ఇన్నేళ్ళూ ఆమెని చూసి కుళ్ళుకున్నాను, అది నాకు అలవాటే. ఆ మధ్యాహ్నం ఆమె కోసం మిగతావాళ్ళందర్నీ చూసి కుళ్ళుకున్నాను. అది ఇంకా ఎక్కువ నొప్పి పెట్టింది.

పదిరోజులు పోయాక మా మరిది తన వాటాలో ముందుగది ఒక్కటి ఉంచుకుని మిగతాది అద్దెకిచ్చేశాడు. భోజనం మా ఇంట్లోనే. అద్దెకొస్తున్న దంపతులు వచ్చి చూసుకుని, అంతా బాగుంది గానీ సింకు పాతదిగా ఉంది, స్టీలుది పెట్టించండి అన్నారట. మరిది సరేనన్నాడు. ఆ సంగతి పొన్నూరుకి ఎలా చేరిందో గానీ సాయంత్రానికల్లా ఆడపడుచు ఫోను. “పగలగొట్టొద్దు వదినా, దాన్ని నేను తెచ్చుకుంటా. ఎల్లుండి ట్రాలీ ఆటో పంపిస్తున్నా. చిన్నన్నయ్యకి నువ్వే చెప్పు.”

గాజు చాల్లేదు ఈవిడకి. సింకు కూడా కావాలి.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే చెప్పాలనుకున్నాను. పెరుగు వెయ్యనా అని అడిగాను. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ చెప్పాలనుకున్నాను. చక్కెర సరిపోయిందా అని అడిగాను. నోరు రావడం లేదు. ఆ ఇంటి నుంచి నేనెప్పుడూ ఏదీ అడిగి ఎరగను. పంచదార నిండుకుంటే కొట్టుకి పంపేదాన్ని గానీ గోడ అవతల అడిగేదాన్ని కాదు. మరిది కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, చెల్లెలు నాక్కూడా ఫోను చేసింది, ఆటో రేపేనట వదినా, మేస్త్రీని ఇవాళ రమ్మంటాను అంటూ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు.

“ఆ సింకు నాకు కావాలి” అన్నాను.

వెనక్కి తిరిగాడు. “ఏంది వదినా?”

“ఆ సింకు. అడుగుతున్నా. నాకు కావాలి.” నా గొంతు నాకే గట్టిగా వినపడింది, పోట్లాటకొచ్చినట్టు.

గుమ్మం పట్టుకుని నవ్వాడు. ఆమె పోయాక ఆయన మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. “మా ఇద్దరికీ పందెం ఉండేది వదినా. ఏనాటికైనా మా అక్క వచ్చి అడుగుద్దని తనూ, ఈ జన్మలో అడగదని నేనూ. ఎప్పుడూ నేనే గెలుస్తన్నానని ఏడిపించేవాణ్ణి.” కళ్ళు తుడుచుకున్నాడు. “చివరికి తనే గెలిచింది.”

చూశారా? పోయాక కూడా నా మీద గెలిచింది. వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. కర్మల్లో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

మేస్త్రీ వచ్చి సుత్తి తీశాడు. సుత్తి లోపల పెట్టమన్నాను. రంపపు బ్లేడుతో అంచు చుట్టూ సిమెంటు నెమ్మదిగా కోయించాను. ఆయన విసుక్కున్నా పక్కనే నిలబడ్డాను. ఒక మూల బిగుసుకుపోయి రానంటే, బండ పగిలితే పగలనీ, సింకుకి గీత పడకూడదన్నాను. బండే పగిలింది. మా ఆయన వచ్చి చూసి, “సింకు కోసం బండ పగలగొట్టుకున్నవాళ్ళని మనల్నే చూశా” అన్నారు. మామగారి పుణ్యమా అని రెండు గట్టుల్లోనూ బొక్క ఒకటే కొలత. ఆమెది నా గట్టులోకి వచ్చింది. నా స్టీలుది అద్దెవాళ్ళ కోసం అవతలికి వెళ్ళింది. మర్నాడు పొన్నూరు ఆటో ఖాళీగా తిరిగిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో కూడా గంజి బేసిన్లోకే వార్చాలి. మొన్న మా ఆయన మరిచిపోయి గిన్నె సింకు వైపు వంచబోతే, “గంజి! గంజి!” అని కేకేశాను. ఆయన అదిరిపోయి నా వైపు వింతగా చూశారు.

నిన్న ఆడపడుచు వచ్చింది. నాతో మాట్లాడకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి సింకు ముందు నిలబడింది. ఎండ పడి చుక్కలు నిప్పురవ్వల్లా ఉన్నాయి. అంచు నిమిరింది. “మాదాంట్లో చుక్కలు ఇంత బాగా రాలేదు వదినా” అంది.

“ఇవి నేను చల్లినవి గదా” అన్నాను.

“ఎంతైనా అదృష్టవంతురాలివి నువ్వు. నాకు కుళ్ళుగా ఉంది, నిజంగా.” మూతి ముడుచుకుని వసారాలోకి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళ బతుకులో నన్ను చూసి ఒకరు కుళ్ళుకున్నారు, నా మొహం మీదే చెప్పారు. ఎంత సంతోషం వేసిందంటే చేతులు తుడుచుకుని వెంటనే పెరటి దారిన బయల్దేరాను. కరివేపాకు మొక్క దాకా వెళ్ళాక తెలిసొచ్చింది, ఈ మాట ఎవరికి చెప్పాలని పోతున్నానో. అక్కడే నిలబడిపోయాను. అవతల ఆమె వంటింట్లో, నా స్టీలు సింకులో ఎవరిదో గిన్నె జారి పడింది.